ప్లైవుడ్ పెట్టె జాజ్‌కి గొంతయిన వైనం

తెలుగులో ‘డొల్ల’ అనేది తిట్టు. మాటలు డొల్ల అంటే సారం లేదని, చెట్టు డొల్ల అంటే రేపో మాపో కూలుతుందని. గిటార్ల లోకంలో మాత్రం లోపల డొల్లగా ఉండే ఎలక్ట్రిక్ గిటార్‌కి ‘హాలో బాడీ’ అని గౌరవంగా పేరు పెట్టుకున్నారు. అది పాతబడేకొద్దీ ధర పెరుగుతుంది కూడా.

అలాంటిదాన్ని నేను దగ్గరగా చూసింది మా ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఇంట్లో. 1950ల నాటి గిబ్సన్ ఈఎస్-175. సన్‌బరస్ట్ రంగు: మధ్యలో తేనె, అంచుల్లో కాఫీ డికాక్షన్. వార్నిష్ మీద సన్నటి వెంట్రుక పగుళ్లు. ఒళ్లో పెట్టుకుని, ఆంప్లిఫయర్‌కి కలపకుండానే ఒక తీగ మీటాను. చప్పగా, చిన్నగా ‘టుంక్’ మని ఆగిపోయింది. మా ఇంట్లో ఉన్న చవక అకూస్టిక్ గిటార్ దీనికి రెండింతలు మోగుతుంది. పైపలక మీద వేలితో కొట్టి చూశాను. వీణ కుండ మీదో, మంచి గిటార్ మీదో కొడితే వచ్చే గుమ్మనే శబ్దం లేదు, బీరువా తలుపు కొట్టినట్టుంది. ఆయన నవ్వి, “ప్లైవుడ్ కదా మరి” అన్నారు.

నేను జోక్ అనుకున్నాను. అది నిజమే. జాజ్ గిటార్ అనగానే ప్రపంచమంతా ఏ ధ్వనిని తలుచుకుంటుందో, ఆ ధ్వనిలో చాలా భాగం ఈ ప్లైవుడ్ పెట్టెలోంచి వచ్చింది. ఆయన కేబుల్ కలిపి, చిన్న వాల్వ్ ఆంప్లిఫయర్ ఆన్ చేసి, టోన్ బటన్ సగానికి తగ్గించి ఒక కార్డ్ (కలిపి మోగించే కొన్ని స్వరాలు) వాయించారు. ఇందాకటి ‘టుంక్’ అలాగే ఉంది గానీ, దాని వెనక నెయ్యి కరిగినట్టు గుండ్రటి స్వరం చేరింది. మంచి చెక్కతో చేసిన పెట్టె కదా బాగా మోగాలి? చవక చెక్కకి ఈ మర్యాద ఎలా దక్కింది?

దీనికి జవాబు కావాలంటే ముందు గిటార్‌కి ఉన్న పాత బాధ ఒకటి తెలియాలి. దాని గొంతు చిన్నది. 1920లు, 30లలో అమెరికా డాన్స్ హాళ్లలో పెద్ద బ్యాండ్లు వాయించేవి. వరసగా ట్రంపెట్లు, సాక్సోఫోన్లు, ఒక డ్రమ్ సెట్. వాటి మధ్య గిటార్ వాయించేవాడు చెయ్యి నొప్పి పుట్టేలా కొట్టినా తాళం మాత్రమే వినిపించేది, స్వరం కాదు. మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ ఊళ్లో ఉన్న గిబ్సన్ కంపెనీ దీనికి వయొలిన్ దారి పట్టింది. లాయిడ్ లోర్ అనే ఆయన హయాంలో 1922లో ఎల్-5 అనే గిటార్ తెచ్చింది. స్ప్రూస్ అనే చెట్టు మందపాటి దుంగని గుమ్మటంలా చెక్కి పైపలక చేయడం, గుండ్రటి రంధ్రం బదులు వయొలిన్‌కి ఉన్నట్టు రెండు ఎఫ్ ఆకారపు రంధ్రాలు పెట్టడం దాని ప్రత్యేకత. ‘ఆర్చ్‌టాప్’ అంటే ఈ గుమ్మటం పైపలక గిటారే. ఆ పలకని ఎంత పలుచగా, ఎంత తేలిగ్గా ఊగేలా చెక్కితే అంత గొంతు. ఆ చెక్కుడు పనివాడి చేతిలో, చెవిలో ఉండేది. అందుకే ఖరీదు.

తర్వాత కరెంటొచ్చింది. ముందుగా బాగుపడింది మాత్రం ఈ గిటార్ కాదు. అప్పట్లో అమెరికాని హవాయి సంగీతం ఊపేస్తోంది. ఒళ్లో పడుకోబెట్టుకుని ఉక్కు కడ్డీ జార్చి వాయించే ఆ గిటార్‌కే తొలి పికప్‌లు, అంటే తీగల ఊపుని కరెంటుగా మార్చే పరికరాలు, పెట్టారు. 1930ల మొదట్లో రికెన్‌బాకర్ అమ్మిన ‘ఫ్రైయింగ్ పాన్’ అల్యూమినియంతో పోత పోసిన ఘనమైన ముక్క. అంటే బజార్లో నిలబడ్డ తొలి ఎలక్ట్రిక్ గిటార్‌కి అసలు డొల్లే లేదు. చరిత్ర వరస తప్పడమంటే ఇదే. మామూలుగా నిలువుగా పట్టుకుని వాయించే గిటార్‌ని అక్కడ ‘స్పానిష్’ అనేవాళ్లు. గిబ్సన్ పేర్లలో ఉండే ‘ఈఎస్’కి అర్థం ఎలక్ట్రిక్ స్పానిష్ అని మాత్రమే, స్పెయిన్‌తో ఇంకే సంబంధమూ లేదు.

1936లో వచ్చిన ఈఎస్-150 పేరులోని అంకె ధరే: ఆంప్లిఫయర్‌తో కలిపి సుమారు 150 డాలర్లు. చెక్కిన స్ప్రూస్ పైపలక కింద రెండు పొడుగాటి బరువైన అయస్కాంతాలు దాచి, వాటిని మూడు మరలతో పైపలకకే బిగించారు. దాన్ని ప్రపంచానికి వినిపించినవాడు చార్లీ క్రిస్టియన్. ఓక్లహోమా సిటీలో పెరిగిన కుర్రాడు, 1939లో జాజ్ బ్యాండ్ నాయకుడు బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరాడు. సాక్సోఫోన్ వాయించేవాడిలా ఒక్కొక్క స్వరంతో సాగే పొడుగాటి వాక్యాలు గిటార్ మీద పలికించాడు. ఆయనకి మిగిలింది మూడేళ్లు కూడా లేదు. క్షయతో 1942 మార్చిలో పోయాడు, 25 ఏళ్లకే. ఇప్పటికీ ఆ రకం పికప్‌ని గిటారిస్టులు ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఇక్కడే చిక్కు మొదలైంది, చాలామంది తికమకపడేది కూడా ఇక్కడే. పికప్ మైకు కాదు, గాలిలోని శబ్దాన్ని వినదు. అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగని వేల చుట్లు చుడతారు. దాని పైన ఉక్కు తీగ కదిలితే ఆ చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది, అంతే. నైలాన్ తీగలు వేస్తే పికప్‌కి ఏమీ వినపడదు. అలాంటప్పుడు పెట్టె మోగాల్సిన పనేముంది? పని లేకపోవడం అటుంచి, మోగితే ముప్పు.

ఆ ముప్పు మనందరికీ తెలుసు. పెళ్లి పందిట్లో మైకు పట్టుకున్నాయన స్పీకర్ ముందుకి వెళ్లగానే చెవులు చిల్లులు పడేలా ‘కుయ్య్’ మంటుంది. మైకులోకి వెళ్లిన శబ్దం స్పీకర్లోంచి పెద్దదై వచ్చి, మళ్లీ మైకులోకి దూరి, ఇంకా పెద్దదై... అలా గుండ్రంగా తిరుగుతుంది. దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. హాలో బాడీలో మైకు పాత్ర పెట్టెది. స్పీకర్ శబ్దం పలుచటి పైపలకని ఊపుతుంది. పైపలక దాని మీదున్న తీగల్ని ఊపుతుంది. తీగల ఊపుని పికప్ పట్టి మళ్లీ స్పీకర్‌కి పంపుతుంది. పెట్టెలోని గాలికీ పైపలకకీ ఇష్టమైన కొన్ని మంద్ర స్వరాలుంటాయి. ఆంప్లిఫయర్ పెంచేకొద్దీ గిటార్ ఆ స్వరాన్నే పట్టుకుని ‘గూ...’ మని మూలుగుతూ ఉండిపోతుంది. మైకు కూత సన్నం, దీనిది ఎద్దు రంకె.

అంటే వందేళ్లుగా పనివాళ్లు దేనికోసం చెమటోడ్చారో, ఆ గుణమే కరెంటొచ్చాక దోషమైంది. లెస్ పాల్ అనే గిటారిస్టుకి ఇది అందరికంటే ముందే అర్థమైంది. 1940 ప్రాంతంలో న్యూయార్క్‌లోని ఎపిఫోన్ గిటార్ల ఫ్యాక్టరీలో కూర్చుని, నాలుగంగుళాల పైన్ దూలానికి పికప్‌లు, తీగలు బిగించాడు. చూసేవాళ్లు భయపడకుండా ఒక మామూలు గిటార్‌ని నిలువునా కోసి, రెండు చెక్కల్నీ దూలానికి అటూ ఇటూ రెక్కల్లా అతికించాడు. దానికి ‘ది లాగ్’ అని పేరు, అంటే దుంగ. గిబ్సన్ వాళ్లు అప్పుడు పట్టించుకోలేదు. 1950లో లియో ఫెండర్ డొల్ల లేని గిటార్లు అమ్మడం మొదలుపెట్టాక దారికొచ్చి, 1952లో ఆయన పేరుతోనే సాలిడ్ బాడీ గిటార్ తెచ్చారు.

ఈ రెండు కొసలకీ మధ్య, 1949లో, గిబ్సన్ ఒక మధ్యేమార్గం పట్టింది. గొప్ప సిద్ధాంతంతో కాదు, డబ్బు లెక్కతో అని నా అభిప్రాయం. యుద్ధ సమయంలో ఫ్యాక్టరీ చాలావరకు యుద్ధ సామగ్రి పనిలో పడిపోయింది. 1944లో కంపెనీ చేతులు మారింది. 1948లో టెడ్ మెక్‌కార్టీ అనే ఇంజినీరు వచ్చేసరికి నష్టాల్లో నడుస్తోంది. స్ప్రూస్ దుంగలు చెక్కుతూ కూర్చుంటే ఎన్ని గిటార్లు తయారవుతాయి? పలుచటి మేపుల్ చెక్క పొరల మధ్య మరో పొర పెట్టి, పొర పొరకీ నార దిశ అడ్డంగా వచ్చేలా జిగురుతో అతికి, వేడి ప్రెస్‌లో నొక్కితే గుమ్మటం ఆకారం దానంతటదే వస్తుంది. అప్పడం నొక్కినట్టు. ఉలి పని లేదు. ఈఎస్-175లో పైపలక, అడుగుపలక, పక్కలు అన్నీ ఇదే. ధర పేరులోనే ఉంది, 175 డాలర్లు.

వెడల్పు 16 అంగుళాలకి కొంచెం పైన, లోతు మూడున్నరకి కొంచెం తక్కువ. మెడ పక్కన సూదిగా దిగే కోత ఉంటుంది, పై ఫ్రెట్ల (మెట్ల) దాకా చెయ్యి పోవడానికి. రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డ్ మీద రెండుగా చీలిన ఏటవాలు డబ్బాల్లాంటి తెల్లటి ముత్యపు పొదుగు. మెడకి దగ్గరగా ఒక్కటే పికప్, పి-90 రకం. రెండో పికప్ ఉన్న ఈఎస్-175డి 1953లో వచ్చింది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి రావచ్చు. పికప్ తీగనే వింటుంది కదా, చెక్క ఏదైతే ఏంటి అని వాదించేవాళ్లున్నారు. సాలిడ్ బాడీ విషయంలో ఆ వాదన ఇప్పటికీ తెగలేదు, నేనందులో తలదూర్చను. హాలో బాడీలో మాత్రం తేడా చెవికే తెలుస్తుంది. తీగ ఎలా ఊగుతుందనేది అది దేనికి కట్టి ఉందో దాని మీద ఆధారపడుతుంది. బండరాయికి కడితే తీగ తన శక్తిని తనలోనే ఉంచుకుని చాలాసేపు ఊగుతుంది. ఊగే పలక మీద బ్రిడ్జ్ (తీగల్ని మోసే ముక్క) పెడితే, తీగ శక్తి బ్రిడ్జ్‌లోంచి పలకలోకి కారిపోతుంది. అందుకే హాలో బాడీలో స్వరం ఒక్కసారిగా విచ్చుకుని త్వరగా వాలిపోతుంది. నేను విన్న ‘టుంక్’ అదే. జాజ్‌లో కార్డులు వెంటవెంటనే మారుతుంటాయి. ఒకదాని తోక ఇంకోదాని మీద పడకూడదు. అక్కడ త్వరగా వాలిపోవడం వరం.

అయితే చెక్కిన స్ప్రూస్‌లో ఈ గుణం మరీ ఎక్కువ, రంకె కూడా ఎక్కువే. ప్లైవుడ్ బిర్రుగా ఉంటుంది, బద్ధకంగా ఊగుతుంది. పెట్టె స్వభావం పోదు, కానీ తనంతట తాను పాడేంత ఉత్సాహమూ ఉండదు. దానికి తోడు 0.012, 0.013 అంగుళాల లావు తీగలు, వాటి మీద నున్నగా చదునుగా చుట్టిన ఫ్లాట్‌వౌండ్ పొర. మెడ దగ్గరి పికప్ తీగ బాగా వెడల్పుగా ఊగే చోట ఉంటుంది కాబట్టి మంద్రమే ఎక్కువ వింటుంది. టోన్ బటన్ తగ్గిస్తే మిగిలిన పదును కూడా పోతుంది. ఇవన్నీ కలిస్తే ఆ నెయ్యి లాంటి ధ్వని.

పి-90కి ఒక జబ్బుంది. ఒంటి చుట్ట కాబట్టి అది ఏరియల్‌లా పనిచేసి గోడలోని కరెంటు శబ్దాన్ని కూడా పట్టేస్తుంది. అమెరికాలో 60 హెర్ట్జ్, మన దగ్గర 50. ట్యూబ్‌లైట్ చోక్ రొద లాంటిదన్నమాట. గిబ్సన్ ఇంజినీరు సెత్ లవర్ దీనికి మందు కనిపెట్టాడు: పక్కపక్కనే రెండు చుట్టలు. ఒకదాని అయస్కాంత ధ్రువాన్నీ, చుట్టు దిశనీ రెండోదానికి తిరగేశాడు. రొదకి అయస్కాంతంతో పని లేదు కాబట్టి అది రెండు చుట్టల్లో ఎదురెదురుగా పుట్టి కొట్టుకుపోతుంది. తీగ శబ్దానికి రెండు తిరగేతలూ వర్తిస్తాయి కాబట్టి అది కలిసి పెరుగుతుంది. దీన్నే హంబకర్ అంటారు. 1955లో పేటెంట్‌కి దరఖాస్తు చేస్తే 1959లో వచ్చింది. ఈఎస్-175కి ఇది 1957లో ఎక్కింది. ఆ కాలపు పికప్‌ల అడుగున ‘పేటెంట్‌కి దరఖాస్తు చేయబడింది’ అని చిన్న స్టికర్ ఉండేది. ఆ ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలే ‘పీఏఎఫ్’. పాత గిటార్ల బజార్లో ఈ మూడక్షరాలు వినపడితే బేరం స్వరం మారిపోతుంది.

నవ్వొచ్చే సంగతేంటంటే, పేటెంట్ వచ్చాక ఆ స్టికర్ మీద వేసిన నంబరు అసలు పికప్‌ది కానే కాదు. లెస్ పాల్ పేరు మీదున్న ఒక టెయిల్‌పీస్ పేటెంట్ నంబరది. పోటీ కంపెనీలు నంబరు చూసి పేటెంట్ కాగితం తెప్పించుకుంటే పికప్ బదులు తీగలు కట్టే ఇనప ముక్క బొమ్మ కనిపిస్తుంది. కావాలనే చేశారా, పొరపాటా అని గిటార్ పిచ్చివాళ్లు ఇప్పటికీ గంటలు గంటలు మాట్లాడుకుంటారు.

వాయించినవాళ్ల జాబితా పొడుగు. ఆస్కార్ పీటర్సన్ త్రయంలో హెర్బ్ ఎలిస్, మెత్తగా మాట్లాడినట్టు వాయించే జిమ్ హాల్, తర్వాతి తరంలో పాట్ మెథీనీ. నాకు మాత్రం జో పాస్ సంగతే ముందు గుర్తొస్తుంది. మత్తుమందులకి బానిసై, కాలిఫోర్నియాలో ఒక పునరావాస కేంద్రంలో కోలుకుంటూ ఆయన చేసిన తొలి రికార్డు 1962లో వచ్చింది. జాజ్ గిటార్ లేక, దొరికిన ఫెండర్ సాలిడ్ బాడీతోనే వాయించాడు. అది చూసి ఒక అభిమాని 1963లో ఈఎస్-175 కొనిచ్చాడు. తర్వాత 1970లలో పక్కన బ్యాండ్ లేకుండా ఒక్కడే బేస్, కార్డులు, రాగం మూడూ కలిపి వాయించి ఔరా అనిపించాడు. రాక్ వైపు నుంచి ‘యెస్’ బృందం స్టీవ్ హౌ 1964లో ఒకటి కొన్నాడు. విమానంలో దానికి విడిగా సీటు కొనేంత ప్రేమ.

రాక్ వాళ్ల ఆంప్లిఫయర్లు పెద్దవయ్యేకొద్దీ రంకె సమస్య మళ్లీ ముదిరింది. ఒక్కొక్కరిదీ ఒక్కో వైద్యం. గిబ్సన్ 1958లో ఈఎస్-335 తెచ్చింది: పలుచటి శరీరం, నడి మధ్యలో పొడవునా మేపుల్ దిమ్మె, అటూ ఇటూ డొల్ల. లెస్ పాల్ దుంగకి పద్ధతిగా బట్టలు తొడిగినట్టు. దీన్ని సెమీ హాలో అంటారు. 1961లో వచ్చిన ఎపిఫోన్ కసీనో పైకి అచ్చం దీనిలాగే ఉంటుంది కానీ లోపల దిమ్మె లేదు, పూర్తి డొల్ల. కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. బీటిల్స్‌లో ముగ్గురు కసీనోలు కొన్నారు. 1969లో లండన్‌లో మేడ మీద చేసిన కచేరీలో లెనన్ చేతిలో ఉన్నది అదే.

గ్రెచ్ కంపెనీ వైద్యం ఇంకా విచిత్రం. 1960ల మొదట్లో కొన్ని మోడళ్లకి ఎఫ్ రంధ్రాలు మూసేసింది. కొనేవాడికి రంధ్రాలు లేకపోతే బాగోదేమోనని, వాటి స్థానంలో రంగుతో రంధ్రాల బొమ్మ గీసింది! బ్లూస్ గిటారిస్టు బీబీ కింగ్ అయితే రంధ్రాల్లో తువ్వాళ్లు కుక్కేవాడు. 1980లో గిబ్సన్ ఆయన పేరుపొందిన గిటార్ ‘లూసిల్’ని మోడల్‌గా తెచ్చినప్పుడు అసలు రంధ్రాలే పెట్టలేదు.

మన వైపు నుంచి చూస్తే ఒక సంగతి తమాషాగా ఉంటుంది. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌కి కావలసింది దీనికి పూర్తిగా తిరగేత. మామూలు మాండొలిన్‌లో స్వరం పుట్టగానే వాలిపోతుంది. గమకం నిలవాలంటే స్వరం సాగాలి. అందుకే ఆయన అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ సాలిడ్ బాడీకి మారాడు. డొల్ల పెట్టెలో కర్ణాటక గమకానికి అడ్డొచ్చిన గుణమే జాజ్ కార్డుకి అచ్చొచ్చింది.

పెద్దాయన గిటార్ విన్న మోజులో నేనూ ఒక చవక నకలు కొన్నాను. మొదటిసారి తీగలు మార్చేటప్పుడు తెలియక ఆరూ ఒకేసారి విప్పేశాను. టక్కుమని బ్రిడ్జ్ ఊడి ఒళ్లో పడింది. ఈ రకం గిటార్లకి బ్రిడ్జ్‌ని మరలతో బిగించరు, తీగల ఒత్తిడికే అది గుమ్మటం మీద నిలబడుతుంది. వీణలో మైనం మీద మెట్ల లాగా, ఒక వెంట్రుకవాసి జరిగితే శ్రుతి చెడుతుంది. సాయంత్రమంతా టెన్షన్. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగని ముట్టీ ముట్టనట్టు తాకితే వచ్చే స్వరమూ, గట్టిగా నొక్కితే వచ్చే స్వరమూ ఒకటయ్యేదాకా బ్రిడ్జ్‌ని అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను. ఇప్పుడు దాని కాళ్ల చుట్టూ పేపర్ టేప్ అంటించి, తీగలు ఒక్కొక్కటే మారుస్తాను.

ఎప్పుడైనా అసలు ఈఎస్-175 మీ చేతికొస్తే, వాయించే ముందు వెలుతురులోకి తిప్పి ఎఫ్ రంధ్రం అంచు చూడండి. 175లో ఆ అంచుకి ప్లాస్టిక్ పట్టీ వేయలేదు, కోత కోసినట్టే వదిలేశారు. పొర మీద పొర అతికిన ప్లైవుడ్ గీతలు అక్కడ కంటికి కనిపిస్తాయి.